చేవ్రాలు, నిశాని: జొనాథన్ జెనింగ్స్ తిరిగిన దారిలో అయిదు రోజులు

మా అమ్మాయి ఇండియానా రాష్ట్రంలో, ఇండియానాపొలిస్‌కు ఉత్తరాన ఉన్న కార్మెల్‌లో ఉంటుంది. మేము వచ్చినప్పుడల్లా నయాగరా, న్యూయార్క్ అంటూ దూరాలే తిప్పింది. ఈసారి నేనే అడిగాను: "ఈ రాష్ట్రం లోపలే ఒక మనిషి తిరిగిన ఊళ్లు చూపిస్తావా, తల్లీ?"

ఆ మనిషి జొనాథన్ జెనింగ్స్. ఇండియానా మొదటి గవర్నరు. తెనాలి కోర్టులో 38 ఏళ్లు సివిల్ వ్యాజ్యాలు నడిపిన ప్లీడరునైన నాకు అతని పదవికన్నా అంతకుముందు సంగతే మనసుకు పట్టింది. పెన్సిల్వేనియాలో చట్టం చదువుకుని, 22 ఏళ్ల వయసులో 1806లో ఒహాయో నది మీదుగా ఈ అడవి ప్రాంతానికి వచ్చాడు. జనమే పలచగా ఉన్న చోట కక్షిదారులు ఎక్కడి నుంచి వస్తారు? ప్లీడరీ సాగలేదు. గుమస్తాగిరీ చేశాడు. మూడేళ్లు తిరిగేసరికి ఈ ప్రాంతమంతటి తరఫున అమెరికా కాంగ్రెస్‌లో కూర్చున్నాడు. కాగితం, కలం తప్ప వేరే ఆస్తి లేని యువకుడు అంత దూరం ఎలా వెళ్లాడో ఆ ఊళ్లలో నిలబడి ఆలోచించాలనిపించింది.

మొదటి రోజు

అక్టోబరు మొదటి వారం, గురువారం ఉదయం బయలుదేరాం. మా ఆవిడ మనవడి బడి కోసం ఇంట్లోనే ఉండిపోయి, పులిహోర, దద్దోజనం, మజ్జిగ మిరపకాయలు డబ్బాలకెత్తి ఇచ్చింది. కారు నడిపింది అమ్మాయి. దారి పొడుగునా మొక్కజొన్న ఎండి గోధుమ రంగుకు తిరిగింది. కోత యంత్రాలు దుమ్ము రేపుకుంటూ సాగుతున్నాయి. మధ్యాహ్నం దారి పక్క విశ్రాంతి స్థలంలో చెట్టు కింద బల్ల మీద పులిహోర తిని, రెండు గంటలకు విన్సెన్స్ చేరాం.

విన్సెన్స్ వాబాష్ నది ఒడ్డున ఉన్న పాత ఊరు. ఫ్రెంచివాళ్లు వేసిన స్థావరం. నది దాటితే ఇల్లినాయ్. 1800లో ఇండియానా టెరిటరీ ఏర్పడినప్పుడు దీన్నే రాజధాని చేశారు. టెరిటరీ అంటే ఇంకా రాష్ట్రం హోదా రాని భూభాగం. గవర్నరును అమెరికా అధ్యక్షుడు నియమిస్తాడు. జనం పంపే ప్రతినిధి కాంగ్రెస్‌లో కూర్చుని మాట్లాడవచ్చు గాని ఓటు వేయలేడు. మనకు జిల్లా కలెక్టరు పాలన ఎరుకే కనుక ఈ ఏర్పాటు అర్థం కావడానికి నాకు కష్టం కాలేదు. ఇక్కడి దొర పేరు విలియం హెన్రీ హారిసన్. 1800 నుంచి 1812 దాకా అతనే గవర్నరు. తరవాతి కాలంలో అమెరికా అధ్యక్షుడయ్యాడు.

టెరిటరీ శాసనసభ కూర్చున్న ఎర్రరంగు చెక్క ఇల్లు ఇప్పటికీ ఉంది. రెండు అంతస్తులు, చిన్న గదులు. మా ఊళ్లో పాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దీనికన్నా పెద్దది. దాని దగ్గరే ఎలైహు స్టౌట్ అచ్చుయంత్రం నడిపిన ఇంటికి నమూనాగా కట్టిన శాల ఉంది. ఇండియానాలో మొదటి వార్తాపత్రిక 1804లో స్టౌట్ తెచ్చినదే. విన్సెన్స్‌కు వచ్చిన కొత్తలో జెనింగ్స్ కొంతకాలం ఈ స్టౌట్ దగ్గర పని చేశాడు. భూముల అమ్మకపు కార్యాలయంలో డబ్బు జమ కట్టుకునే అధికారి నథానియల్ ఎవింగ్ దగ్గర గుమస్తాగా ఉన్నాడు. శాసనసభలో సహాయ గుమస్తా, విన్సెన్స్ విశ్వవిద్యాలయం పాలకమండలికి గుమస్తా కూడా.

ఆ శాలలో సీసపు అక్షరాల పెట్టెల ముందు చాలాసేపు నిలబడ్డాను. గుమస్తా పనిని తక్కువగా చూసేవాళ్లను నా వృత్తిలో చాలామందిని చూశాను. కాని ఊరి రహస్యాలన్నీ గుమస్తా చేతి మీదుగానే పోతాయి. ఎవరు ఎంత భూమి కొన్నారు, ఎవరు వాయిదా కట్టలేదు, ఎవరి పేరు మీద ఎవరు కొంటున్నారు, ఇవన్నీ జెనింగ్స్ రోజూ చూశాడు. అప్పటి లెక్కలో ఎకరం 2 డాలర్లు. 1804 చట్టం ప్రకారం కనీసం 160 ఎకరాలు కొనాలి. 320 డాలర్లు! వాయిదాల మీద కట్టుకోవచ్చునన్న మాట నమ్మి కొన్నవాళ్లు ఎందరో ఆ వాయిదాలు కట్టలేక చితికిపోయారు. ఆ రైతుల ముఖాలు చూసినవాడు, హారిసన్ కొలువులో తిరిగే పెద్దమనుషులనూ చూశాడు. అతనిలో రాజకీయం ఇక్కడే పుట్టిందని నా నమ్మకం.

సాయంత్రం హారిసన్ ఇల్లు గ్రౌస్‌ల్యాండ్ చూశాం. 1804 నాటి ఇటుకల మేడ. చుట్టూ మొద్దులు పేర్చి కట్టుకున్న గుడిసెలే ఉన్న రోజుల్లో ఈ మేడ అల్లంత దూరానికి ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1810 ఆగస్టులో షానీ తెగ నాయకుడు టెకుమ్సే తన యోధులతో వచ్చి హారిసన్‌ను భూముల గురించి ముఖాముఖి నిలదీసింది ఈ ఆవరణలోనే. మేడ కన్నా ఆ చోటే నాకు గొప్పగా తోచింది.

రెండో రోజు

ఉదయం నాక్స్ కౌంటీ కోర్టు ముందుకు వెళ్లాం. కోర్టు కనబడితే నా కాళ్లు అటే పోతాయి. అక్కడ ఒక లోహపు ఫలకం ఉంది. మేరీ బేట్‌మన్ క్లార్క్ అనే నల్లజాతి స్త్రీ 1821లో వేసిన దావా గురించి. ఆమె కథ తెలియాలంటే ముందు ఒక చట్టం గురించి చెప్పాలి.

ఒహాయో నదికి వాయవ్యంగా ఉన్న ఈ భూభాగంలో బానిసత్వం ఉండరాదని 1787 నాటి శాసనం ఆరో అధికరణం స్పష్టంగా చెప్పింది. అయినా విన్సెన్స్ పెద్దమనుషులు దారి వెతికారు. 1805లో టెరిటరీ సభ ఒక చట్టం చేసింది. 15 ఏళ్లు దాటిన బానిసను ఇక్కడికి తెచ్చిన యజమాని 30 రోజుల్లో అతనితో ఒక ఒప్పందం రాయించుకోవచ్చు. ఎన్నేళ్లు చాకిరీ చేయాలో అందులో రాసుకుంటారు. ఇరవై ఏళ్లు కావచ్చు, నలభై కావచ్చు, తొంభై తొమ్మిదీ కావచ్చు. ఒప్పుకోకపోతే 60 రోజుల్లోపు అతన్ని బయటి రాష్ట్రానికి తరలించే హక్కు యజమానికి ఉంది. అంటే బానిసల సంతకు. పదిహేను నిండని పిల్లలైతే ఒప్పందమూ అక్కరలేదు. పేరు నమోదు చేస్తే చాలు, మగపిల్లవాడు 35 ఏళ్లు వచ్చేదాకా, ఆడపిల్ల 32 ఏళ్లు వచ్చేదాకా చాకిరీ చేయాలి.

దీన్ని ఒప్పందం అనడానికి నా నోరు రాదు. మా వైపు దస్తావేజుల్లో చదువు వచ్చినవాడు చేసేది చేవ్రాలు, రానివాడు వేసేది నిశాని. నిశాని వేయించేటప్పుడు చివర ఒక వాక్యం తప్పనిసరిగా రాస్తాం: "చదివి వినిపించగా విని సమ్మతించి వేసిన నిశాని". ఆ సమ్మతి అనే మాట లేకపోతే కాగితానికి ప్రాణం లేదు. వెనక సంత, ముందు కాగితం ఉన్నవాడి సమ్మతి ఎలాంటిది? మన గోదావరి, విశాఖ ప్రాంతాల నుంచి మారిషస్‌కు, ఫిజీకి వెళ్లిన ఒప్పంద కూలీలు గుర్తుకొచ్చారు. అవి ఏళ్ల గడువుతో ముగిసే ఒప్పందాలే. తిరిగి రాగలిగినవాళ్లూ ఉన్నారు. ఇది అంతకన్నా ఎంతో క్రూరమైనది. కాని తాము చదవలేని కాగితం కింద తమ వేలు ఆనించిన మనుషుల మౌనం రెండు చోట్లా ఒకటే.

గవర్నరు హారిసన్ ఇంట్లోనూ ఇలా ఒప్పందం పేరున చాకిరీ చేసినవాళ్లు ఉన్నారు.

జెనింగ్స్ రాజకీయం ఈ విషయం మీదే నిలబడింది. విన్సెన్స్‌లో హారిసన్ వర్గంతో పొసగక తూర్పున క్లార్క్ కౌంటీకి, చార్ల్స్‌టౌన్‌కు మకాం మార్చాడు. అటువైపు స్థిరపడినవారిలో చాలామంది బానిసలు లేని చిన్న రైతులు. 1809లో కాంగ్రెస్ ప్రతినిధి పదవికి హారిసన్ మనిషి, టెరిటరీ అటార్నీ జనరల్ థామస్ రాండాల్ఫ్ మీద పోటీ చేశాడు. జెనింగ్స్‌కు 428 ఓట్లు, రాండాల్ఫ్‌కు 402, మూడో అభ్యర్థి జాన్ జాన్సన్‌కు 81. ఇరవై ఆరు ఓట్ల తేడా! గెలిచినవాడి వయసు 25 ఏళ్లు.

ఆ ఎన్నిక గురించి ఇక్కడి వాళ్లు ఒక కథ చెప్పుకుంటారు. రాండాల్ఫ్ ఒక పొలానికి గుర్రం మీద వచ్చి, ఇంట్లో కూర్చుని యజమానితో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోయాడట. మర్నాడు జెనింగ్స్ వచ్చాడు. ఇరుగుపొరుగంతా చేరి అడవి నరికిన దుంగలు దొర్లిస్తున్నారు. కోటు తీసి పక్కన పెట్టి తానూ దుంగకు భుజం పట్టాడు. పని అయ్యాక వాళ్లతో ఆటలాడాడు. ఇలాంటి కథలు ప్రతి దేశంలోనూ గెలిచినవాళ్ల చుట్టూ అల్లుకుంటాయి, నాకు తెలుసు. కాని 26 ఓట్ల గెలుపులో ఒక పొలంలోని దుంగలకు కూడా విలువ ఉంటుంది.

ఇంక మేరీ క్లార్క్ సంగతి. ఆమెచేత 1816లో ఇరవై ఏళ్ల చాకిరీకి ఒప్పందం రాయించుకున్నది వాషింగ్టన్ జాన్‌స్టన్ అనే విన్సెన్స్ న్యాయవాది. 1808లో బానిసత్వానికి వ్యతిరేకంగా టెరిటరీ సభకు నివేదిక రాసింది అతనే. ఆ ఫలకం ముందు నిలబడి అమ్మాయికి ఇది చెబితే, "రెండూ ఒకే చేత్తో ఎలా రాశాడు నాన్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మేరీ తన ఏళ్లు తీరేదాకా ఆగలేదు. 1821లో రాష్ట్ర సుప్రీం కోర్టు ఆమెను విడుదల చేసింది. చాకిరీ తనకు సమ్మతం కాదని ఆమె కోర్టుకెక్కడమే సమ్మతి లేదనడానికి రుజువు అని తేల్చింది. నలభై ఏళ్లకు దగ్గరగా తీర్పులు చదివిన నాకు ఇంత సూటిగా సత్యాన్ని పట్టుకున్న తర్కం అరుదుగా తగిలింది.

పదకొండు గంటలకు విన్సెన్స్ వదిలాం. కోరిడన్ వెళ్లే 150వ నంబరు రహదారి చాలావరకు పాత అడవిదున్నల దారి వెంబడే పోతుంది. ఒహాయో జలపాతాల నుంచి వాబాష్ దాకా దున్నల మందలు తొక్కి తొక్కి వేసిన బాట అది. తరవాత మనుషులు, గుర్రాలు, బళ్లు అదే పట్టాయి. జెనింగ్స్ 1807లో తూర్పు నుంచి విన్సెన్స్‌కు వచ్చాడు. మేము ఎదురు దిక్కున వెళుతున్నాం. దక్షిణానికి పోయేకొద్దీ నేల ఎగుడుదిగుడై, చెట్లు ఎరుపు, పసుపు తిరిగి కనిపించాయి. దద్దోజనం కారులోనే అయిపోయింది. చీకటి పడేలోపు కోరిడన్‌లో బసకు చేరాం.

మూడో రోజు

ఈ యాత్రలో నేను ఎక్కువసేపు గడిపిన ఊరు కోరిడన్. నడిచి చూడదగినంత చిన్నది. 1813లో రాజధానిని విన్సెన్స్ నుంచి ఇక్కడికి మార్చారు. 1825లో ఇండియానాపొలిస్‌కు తీసుకుపోయారు. ఆ పన్నెండేళ్లలోనే టెరిటరీ రాష్ట్రమైంది.

ఊరి నడుమ పాత శాసనసభ భవనం. సుమారు 40 అడుగుల చదరం, రెండు అంతస్తులు, స్థానిక సున్నపురాయి గోడలు. కింద ప్రతినిధుల సభ, పైన సెనేట్, సుప్రీం కోర్టు. లోపల బల్లల మీద ఈక కలాలు, కొవ్వొత్తుల సెమ్మెలు అమర్చి పెట్టారు. నేల రాతి పలకలు చల్లగా ఉన్నాయి. మార్గదర్శకుడికి మా అమ్మాయి నా వృత్తి చెప్పింది. అతను సంతోషించి పై అంతస్తు గదిలో నన్ను తీరిగ్గా నిలబడనిచ్చాడు.

1815 లెక్కల్లో టెరిటరీ జనాభా 63,897 తేలింది. రాష్ట్రం కావడానికి 60,000 ఉండాలి. జెనింగ్స్ కాంగ్రెస్‌లో అర్జీ పెట్టాడు. 1816 ఏప్రిల్ 19న అనుమతి చట్టం వచ్చింది. జూన్ 10న 43 మంది ప్రతినిధులు కోరిడన్‌లో సమావేశమై, జెనింగ్స్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఏ సంఘంలో ఎవరుండాలో నియమించే అధికారం అతని చేతికొచ్చింది. జూన్ 29కి రాజ్యాంగం సిద్ధం. మన రాజ్యాంగ సభకు రెండేళ్ల పదకొండు నెలల పద్దెనిమిది రోజులు పట్టింది. వీళ్లకు ముందున్న ఒహాయో, కెంటకీ రాజ్యాంగాల నుంచి చాలా అధికరణాలు తీసుకునే వెసులుబాటు ఉంది కనుక పని త్వరగా సాగింది.

ఎండ తాళలేక ఆ ప్రతినిధులు ఒక పెద్ద ఎల్మ్ చెట్టు కిందికి చేరేవారు. రెండు వీధులు దాటి వెళితే ఆ చెట్టు మిగిలి ఉంది, మొండెంగా. 50 అడుగుల ఎత్తు, కొమ్మల విరివి 132 అడుగులు ఉండేదట. తెగులు సోకి 1925లో చచ్చిపోయింది. మొదలు మాత్రం ఉంచి, చుట్టూ ఇసుకరాతి మండపం కట్టారు. నల్లగా, గట్టిగా ఉంది. అమ్మాయి వద్దన్నా కమ్మీల మధ్య నుంచి చెయ్యి చాపాను. అందలేదు.

ఆ రాజ్యాంగంలో మూడు వాక్యాల గురించి చెప్పాలి.

తొమ్మిదో అధికరణంలో, పరిస్థితులు అనుకూలించిన వెంటనే ఊరి బడి నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయం దాకా మెట్లు మెట్లుగా విద్య ఏర్పరచాలని, అది ఉచితంగా, అందరికీ సమానంగా అందాలని రాశారు. 1816లో, అడవి మధ్య, దుంగల ఇళ్లలో ఉంటూ రాశారు. చదివిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

పదకొండో అధికరణం ఏడో భాగం: ఈ రాష్ట్రంలో బానిసత్వం గాని, నేరానికి శిక్షగా తప్ప బలవంతపు చాకిరీ గాని ఉండరాదు. అంతటితో ఆగలేదు. రాజ్యాంగాన్ని సవరించే వీలు కల్పించిన ఎనిమిదో అధికరణంలోనే, బానిసత్వాన్ని ప్రవేశపెట్టే సవరణ ఎన్నటికీ చేయరాదని కట్టుదిట్టం చేశారు. ఈ వాక్యం జెనింగ్స్ స్వహస్తంతో రాశాడని నేను అనను. అతని అధ్యక్షతన, అతను ఏడేళ్లుగా ఊరూరా తిరిగి సిద్ధం చేసిన జనాభిప్రాయం మీద అది నిలిచింది.

మూడో వాక్యం చదివితే మనసు చివుక్కుమంటుంది. ఓటు హక్కు తెల్లజాతి పురుషులకే. బానిసత్వాన్ని వద్దన్న సభే, బానిసత్వం నుంచి బయటపడినవాడికి ఓటు వద్దన్నది. జెనింగ్స్ గురించి గొప్పగా చెప్పేటప్పుడు దీన్ని దాచిపెట్టడం న్యాయం కాదు.

ఆగస్టులో ఎన్నిక జరిగింది. టెరిటరీ ఆఖరి గవర్నరు థామస్ పోసీకి 3,934 ఓట్లు, జెనింగ్స్‌కు 5,211. ఏడాదికి 1,000 డాలర్ల జీతంతో 32 ఏళ్ల గవర్నరు. డిసెంబరు 11న ఇండియానా రాష్ట్రమైంది. సుప్రీం కోర్టుకు మొదటి ముగ్గురు న్యాయమూర్తులను జెనింగ్సే నియమించాడు. వాళ్లలో ఒకరు 1809లో తనకు ఎదురు నిలిచి 81 ఓట్లు తెచ్చుకున్న జాన్ జాన్సన్. పాత పోటీని మనసులో పెట్టుకోకుండా మంచి న్యాయవాదికి పీట వేసిన ఈ పని నాకు చాలా నచ్చింది.

పై అంతస్తు గదిలో నేను నిలబడి తలచుకున్నది 1820 జులై నాటి ఒక తీర్పును. పాలీ స్ట్రాంగ్ అనే యువతి విన్సెన్స్‌లో హయసింత్ లాసెల్ అనే సత్రం యజమానికి బానిస. ఏమరీ కిన్నీ వంటి న్యాయవాదులు ఆమె తరఫున నిలిచారు. నాక్స్ కౌంటీ కోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆమె తల్లిని ఈ భూభాగానికి అమెరికా ప్రభుత్వం రాకముందే కొన్నారు కనుక పాత హక్కు చెల్లుతుందని లాసెల్ వాదన. అప్పీలు కోరిడన్‌కు వచ్చింది. న్యాయమూర్తి జేమ్స్ స్కాట్ రాసిన తీర్పు సారాంశం ఇది: రాజ్యాంగం రాసినవాళ్లు బానిసత్వాన్ని పూర్తిగా, సంపూర్ణంగా నిషేధించదలిచారు. ఆ ఉద్దేశాన్ని ఇంతకన్నా స్పష్టంగా చెప్పగల మాటల కూర్పును మేము ఊహించలేం. పాలీ విడుదలైంది.

కాగితం మీది వాక్యం కాగితం మీదే ఉండిపోవడం నేను కోర్టుల్లో ఎన్నోసార్లు చూశాను. ఒక మనిషి వచ్చి, ఇది నాకు వర్తిస్తుందా అని అడిగినప్పుడే దానికి చలనం వస్తుంది. పాలీ అడిగింది. అయితే ఒక్క తీర్పుతో అందరి సంకెళ్లూ తెగలేదు. ఆ ఏటి జనాభా లెక్కల్లోనే ఇండియానాలో ఇంకా 190 మంది బానిసలు నమోదయ్యారు.

నాలుగో రోజు

ఆదివారం. ఉదయం జెఫర్సన్‌విల్‌లో ఒహాయో ఒడ్డున కాసేపు ఆగాం. 1806లో జెనింగ్స్ మొదట చేరిన రేవు ఇదే. నది వెడల్పుగా, మట్టిరంగులో ఉంది. అవతలి ఒడ్డు కెంటకీ. అక్కడ బానిసత్వం 1865 దాకా చట్టబద్ధం. పాత రైలు వంతెనను నడకదారిగా మార్చారు. వంతెన మీద జనం పిల్లలతో, కుక్కలతో హాయిగా అటూ ఇటూ తిరుగుతున్నారు. అప్పట్లో ఆ దూరం దాటడానికి ప్రాణాలొడ్డినవాళ్లున్నారు.

అక్కడి నుంచి చార్ల్స్‌టౌన్ అరగంట కూడా లేదు.

గవర్నరు పదవి తరవాత జెనింగ్స్ 1822 నుంచి 1831 దాకా కాంగ్రెస్ సభ్యుడు. ఈ ఏళ్లలోనే తాగుడు అతన్ని పట్టుకుంది. 1826లో భార్య యాన్ చనిపోయింది. మరుసటి ఏడు క్లారిసా బార్బీని పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు కలగలేదు. తాగుడు ముదిరింది. 1831లో ఓడిపోయాడు. చార్ల్స్‌టౌన్ దగ్గరి పొలం తాకట్టులో ఉంది. సెనేటరు జాన్ టిప్టన్, జేమ్స్ లానియర్ అనే ధనికుడి ద్వారా ఆ పొలం అప్పును చేజిక్కించుకుని, జెనింగ్స్‌ను అక్కడే బతికినన్నాళ్లు ఉండనిచ్చాడు. అప్పులవాడు తలదించుకోవలసిన పని లేకుండా సాయం చేయడం ఎలాగో టిప్టన్‌కు తెలుసు. నా దగ్గరికి వచ్చిన తాకట్టు దావాల్లో అలాంటి స్నేహితుడున్న బాకీదారులు ఇద్దరో ముగ్గురో, అంతే.

1834 జులై 26న, 50 ఏళ్ల వయసులో జెనింగ్స్ కన్నుమూశాడు. సమాధి మీద రాయి వేయడానికి డబ్బు లేదు. గుర్తు లేని గుంటలో అలాగే 58 ఏళ్లు ఉండిపోయాడు. స్మారకం కట్టించమని శాసనసభకు వచ్చిన అర్జీలు వీగిపోయాయి. చివరికి 1892లో ఒప్పుకున్నారు. మరి గుంట ఎక్కడ? 1834లో అంత్యక్రియలు చూసినవాళ్లు ముగ్గురు ఇంకా బతికి ఉన్నారు. ఒకరి మాట ఒకరికి తెలియకుండా ముగ్గురినీ అడిగారు. ముగ్గురూ ఒకే చోటు చూపించారు. అవశేషాలు తీసి చార్ల్స్‌టౌన్ శ్మశానవాటికలో మళ్లీ పూడ్చి రాయి నిలిపారు.

ఆ రాయి ముందు గడ్డి కోసి శుభ్రంగా ఉంది. ఎవరూ లేరు. దారిలో కొన్న పసుపు చేమంతుల కుండీ అమ్మాయి అక్కడ పెట్టింది. నేను చెప్పులు విడిచి నిలబడ్డాను. ముగ్గురు సాక్షులనే తలచుకున్నాను. కూలిపోయిన మనిషి అంత్యక్రియలకు వెళ్లి, దాదాపు అరవై ఏళ్లు ఆ చోటు మరచిపోకుండా ఉన్నవాళ్లు.

రాత్రి పది గంటలకు కార్మెల్ చేరాం. మా ఆవిడ చారు కాచి ఉంచింది.

అయిదో రోజు

ఈ రోజు కారు అక్కరలేదు, ఇంటికి దగ్గరే అన్నాను. మనవడికి బడి సెలవు. వాణ్ణి తీసుకుని వైట్ రివర్ ఒడ్డున ఉన్న ఉద్యానానికి వెళ్లాను.

ఒక సంగతి కావాలనే ఇంతవరకు ఆపాను. 1818 అక్టోబరులో, ఇలాంటి రోజుల్లోనే, గవర్నరు జెనింగ్స్ ఒహాయోలోని సెయింట్ మేరీస్‌కు వెళ్లాడు. లూయిస్ కాస్, బెంజమిన్ పార్క్‌లతో పాటు అమెరికా ప్రభుత్వ ప్రతినిధిగా ఆదివాసీ తెగలతో ఒప్పందాలు కుదర్చడానికి. గవర్నరు కేంద్ర ప్రభుత్వ కొలువు చేయరాదని రాష్ట్ర రాజ్యాంగం చెబుతున్నది. లెఫ్టినెంట్ గవర్నరు క్రిస్టఫర్ హారిసన్ (విన్సెన్స్ దొర హారిసన్ వేరు, ఇతను వేరు), పదవి ఖాళీ అయిందంటూ గవర్నరు కుర్చీలో కూర్చున్నాడు. శాసనసభ విచారణ మొదలుపెట్టింది. జెనింగ్స్ తన నియామక పత్రాన్ని నిప్పుల్లో పడేశాడని చెబుతారు. 15 మంది వద్దని, 13 మంది కావాలని ఓటు వేయగా విచారణ ఆగిపోయింది. బతుకంతా కాగితం మీద నిలబడ్డ మనిషి సాక్ష్యపు కాగితాన్ని తగలబెట్టడం నేను క్షమించలేను.

అంతకన్నా బరువైనది ఆ ఒప్పందంలో ఉన్న విషయం. డెలావేర్ తెగ ఇండియానాలోని తమ భూమినంతా వదులుకుంది. ఖాళీ చేయడానికి మూడేళ్ల గడువు. వాళ్ల ఊళ్లు ఈ వైట్ రివర్ పొడుగునా ఉండేవి. మేము నడుస్తున్న ఈ ఒడ్డు, మా అమ్మాయి ఇల్లు కొనుక్కున్న నేల, రాజధాని ఇండియానాపొలిస్, అన్నీ అలా వచ్చిన భూమే. 1820లో కొత్త రాజధానికి స్థలం ఎంచడానికి నియమించిన పెద్దలు మొదట చేరింది కూడా ఇక్కడికి దగ్గరలో ఉన్న విలియం కానర్ వ్యాపార స్థావరానికే.

కానర్ 1823లో కట్టిన ఇటుకల ఇల్లు పక్క ఊరు ఫిషర్స్‌లో ఉంది. క్రితం వారం మనవడికి చూపించాను. సెయింట్ మేరీస్‌లో డెలావేర్‌లకూ ప్రభుత్వానికీ మధ్య మాట అటూ ఇటూ చేర్చిన దుబాసీలలో కానర్ ఒకడు. అతని భార్య మెకింజెస్ డెలావేర్ స్త్రీ. ఆరుగురు పిల్లలు. 1820లో తెగ పడమటికి కదిలినప్పుడు మెకింజెస్ పిల్లలనందరినీ తీసుకుని వాళ్లతో వెళ్లిపోయింది. కానర్ ఉండిపోయాడు. కొద్ది నెలల్లో ఒక తెల్లజాతి యువతిని పెళ్లాడాడు. చదివి వినిపించినవాడు నేల మీద మిగిలాడు. విన్నవాళ్లు వెళ్లిపోయారు.

ఒప్పందం ప్రతిని అమ్మాయి ముద్రించి ఇచ్చింది. రాతి బల్ల మీద కూర్చుని దాన్ని తెరిచాను. ప్రభుత్వం తరఫున మొదటి చేవ్రాలు జొనాథన్ జెనింగ్స్‌ది. తరవాత తెగ పెద్దల పేర్లు. ప్రతి పేరు పక్కనా అడ్డంగా రెండు గీతలు.

"ఆ గుర్తు ఏమిటి తాతయ్యా?" అన్నాడు వాడు.

"నిశాని. రాయడం రానివాళ్లు వేసే గుర్తు."

"అయితే వాళ్ల పేర్లు ఎవరు రాశారు?"

"గుమస్తా."

పేర్లు చదవమన్నాడు. ఆండర్సన్, నిశాని. పెద్ద ఎలుగుబంటి, నిశాని. కెప్టెన్ కిల్‌బక్, నిశాని. పిల్లి అనే పేరు రాగానే వాడు నా చేతిలోని కాగితం మీదికి వంగి, వేలితో ఆ గీతలను తడిమాడు. చిట్టి జాక్ దాకా అన్నీ చదివాను. ఇంకొకసారి చదవమంటే మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను.